భీమవరం అబ్బాయి... బంగారు రంగు మందు

కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర మాత్ర మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర అది. కడుపులో తిప్పుతోందని పెరట్లో విసిరేసి, నర్సమ్మతో వేసుకున్నానని చెప్పినవాళ్లూ మనలో లేకపోలేదు! ఇక ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్ర ఉంది. ఒళ్లంతా తెలియని జ్వరం పట్టినప్పుడు డాక్టరు రాసే డాక్సీసైక్లిన్ ఉంది. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయిన అత్తగారికి వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఉంది.

ఈ నాలుగు మందుల వెనకా ఒకే మనిషి ఉన్నారంటే నమ్ముతారా? ఆయన మనవాడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. డబ్బుకి ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ల వయసులో సుబ్బారావుకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బు వస్తుందట! ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. తల్లి ఊరుకుంటుందా? వెతికించి వెనక్కి లాక్కొచ్చింది. మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది.

చదువులో మెరుపు మెరిపించాడా అంటే అదీ లేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి గట్టెక్కాడు. ఆ చదువు కోసం వెంకమ్మ గారు నగలు అమ్ముకున్నారని చెబుతారు. ఇంటర్మీడియెట్ ప్రెసిడెన్సీ కాలేజీలో అయ్యాక కుర్రాడికి మళ్లీ ఇంకో ఆలోచన. ఈసారి సన్యాసం! రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోమని మఠం వాళ్లూ అన్నారు. డాక్టరు చదివినా సేవే కదా అనిపించింది. 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. వెంకమ్మ గారు రెండుసార్లు అడ్డం పడకపోయి ఉంటే ఒకసారి అరటిపళ్ల బండి దగ్గర, మరోసారి మఠంలో ఈ కథ ఆగిపోయేది.

1919లో పెళ్లయింది. అమ్మాయి పేరు శేషగిరి, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కూతురు. వైద్య విద్యకు మామగారి చెయ్యి కూడా ఉంది. అది గాంధీగారి మాట ఊరూరా మోగుతున్న కాలం. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖాదీ గౌను వేసుకుని వెళ్లారు. తెల్లదొర ప్రొఫెసరుకి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. ఆ డిగ్రీతో సర్కారు వైద్య కొలువు దొరకలేదు.

అన్నదమ్ముల్ని మింగిన జబ్బు

ఈ కష్టాలన్నీ ఒక ఎత్తు, ఇంట్లో జరిగింది ఒక ఎత్తు. ఆయన సోదరులు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది వ్యవధిలోనే ఒకరి వెనక ఒకరు పోయారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఇంగ్లీషు వైద్యంలో దాని పేరు స్ప్రూ. వేడి దేశాల్లో వచ్చే జబ్బు. పేగులు తిన్నదాన్ని పట్టుకోలేవు. ఆగని విరేచనాలు, పుండెక్కిన నాలుక, రక్తహీనత... మనిషి కళ్లముందే కరిగిపోతాడు. పేగుల్లో చేరిన సూక్ష్మజీవులు కొంత, వాటివల్ల ఒంట్లో అడుగంటిపోయే విటమిన్లు కొంత, రెండూ కలిసి మనిషిని తీసుకుపోతాయని తర్వాత తెలిసింది. అప్పటికి ఎవరికీ ఏమీ తెలీదు. డాక్టరు చదివిన సుబ్బారావుకీ తెలీదు. చేతులు కట్టుకుని చూడ్డమే అయింది.

ఆయనకీ అదే జబ్బు పట్టుకుంది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సలో ఎలాగో బయటపడ్డారు. (ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లిన ఆచంట రుక్మిణమ్మ గారి భర్తే ఈ లక్ష్మీపతి గారు. ఆవిడ తర్వాత మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్య మంత్రి కూడా అయ్యారు.) లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు గారు శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు. కానీ మనసు అక్కడ నిలవలేదు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బేమిటో తేల్చుకోవాలి. అందుకు అమెరికా వెళ్లాలి.

డబ్బు కొంత మామగారు సర్దారు. కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. మూడేళ్లలో తిరిగొస్తానని భార్యకు మాటిచ్చి ఓడెక్కారు. 1923 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. అప్పటికి వయసు ఇరవయ్యెనిమిది. శేషగిరమ్మ గారు కడుపుతో ఉన్నారు. బిడ్డ పుట్టాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. తండ్రి ఆ పిల్లాడి ముఖం చూడనేలేదు.

మూడేళ్లు గడిచాయి. ఆరేళ్లు గడిచాయి. ఆయన రాలేదు. చివరివరకూ రాలేదు. శేషగిరమ్మ గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు.

ఈ మాట చాలా వ్యాసాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. అలా దాటెయ్యడం నాకు మనసొప్పదు. ఆయన కోట్లమందిని బతికించారు, నిజం. ఆయనకు అక్కడ సుఖమూ లేదు, అదీ నిజం. ఇక్కడివాళ్లకు అమెరికా పౌరసత్వం ఇచ్చే చట్టమే 1946 దాకా లేదు. కానీ పాతికేళ్లలో ఒక్కసారైనా ఇంటికొచ్చి వెళ్లలేకపోయారా అని శేషగిరమ్మ గారి తరఫున అడగాలనిపిస్తుంది. మన దగ్గర దానికి జవాబు లేదు.

బోస్టన్‌లో పగలు హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల చదువు. రాత్రి ఆస్పత్రిలో పోర్టర్ పని. రోగుల బెడ్‌ప్యాన్లు కడగడం దగ్గర్నుంచి అన్నీ చేశారు. తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర చేరారు. 1925లో ఆ ఇద్దరి పేర్ల మీద రక్తంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు తేలేలా చేసి లెక్కకట్టే పద్ధతి వచ్చింది. బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని చదువుకుంటారు. ఒంట్లో శక్తికి చిల్లర నాణెం లాంటి ఏటీపీ అనే పదార్థాన్నీ 1929లో వేరుచేశారు. జర్మనీలో మరొకరూ అదే సమయంలో దాన్ని కనిపెట్టారు. పేరు వచ్చింది గానీ హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో ఆ చోటు వదిలేసి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యారు.

పెరుగు తోడు, పూలమాల

సూక్ష్మజీవిని చంపడం పెద్ద విద్యేమీ కాదు. ఫినాయిలు పోసినా చస్తుంది, నిప్పులో వేసినా చస్తుంది. కానీ మన ఒంట్లో ఉన్నదాన్ని చంపి, మనల్ని మాత్రం వదిలెయ్యాలి. అదీ అసలు చిక్కు. అందుకే సూక్ష్మజీవికి ఉండి మనకు లేనిదో, దానిలో ఒకలా మనలో మరోలా ఉన్నదో వెతుక్కోవాలి. మందు అక్కడ దెబ్బ కొట్టాలి.

పెన్సిలిన్‌నే తీసుకోండి. బాక్టీరియాకి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు. పెన్సిలిన్ ఆ గోడ కట్టుకోనివ్వదు. అది పగిలి చస్తుంది. మన కణాలకు ఏమీ కాదు.

1930లలో వచ్చిన సల్ఫా మందులది ఇంకో ఎత్తు. ఇక్కడే మన ఎర్ర మాత్ర కథలోకి వస్తుంది. ఫోలిక్ యాసిడ్ లేకుండా ఏ కణమూ రెండుగా పెరగలేదు. మనం దాన్ని తయారు చేసుకోలేం. ఆకుకూరల్లోంచి, పప్పుల్లోంచి తెచ్చుకోవాలి. చాలా బాక్టీరియాలు మాత్రం ఎవరి వంట వాళ్లే అన్నట్టు సొంతంగా చేసుకుంటాయి. ఆ వంటలో వాడే ఒక దినుసులాగే ఉంటుంది సల్ఫా. గోరువెచ్చటి పాలల్లో తోడు చుక్క అనుకుని సున్నపునీళ్ల చుక్క వేస్తే ఏమవుతుంది? చూడ్డానికి అదీ తెల్లగానే ఉంటుంది, పాలు మాత్రం తోడుకోవు. బాక్టీరియాదీ అదే గతి. నకిలీ దినుసు తీసుకుంటుంది, ఫోలిక్ యాసిడ్ తయారవదు, ఎదుగుదల ఆగిపోతుంది. మనకా? మనకు తోటకూర ఉంది కదా!

ఆ ఫోలిక్ యాసిడ్‌నే లెడర్లీలో సుబ్బారావు గారి బృందం 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది. దీనికి మునుపు ఒక ఆడమనిషి కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, మిల్లు పనివాళ్ల ఇళ్లలో గర్భిణులు రక్తం లేక ఎందుకు చచ్చిపోతున్నారో వెతికారు. మార్మైట్ అనే ఈస్టు ముద్ద పెడితే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్నది ఏమిటో అప్పటికి తెలీదు. తర్వాత తేలింది, అదే ఫోలిక్ యాసిడ్. 1941లో పాలకూరలోంచి తీశారు కాబట్టి ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఆ పేరు పెట్టారు.

ఫోలిక్ యాసిడ్ చేతికొచ్చాక, సల్ఫా చేసిన మోసాన్నే క్యాన్సర్ కణాల మీదా చెయ్యొచ్చు కదా అన్న ఆలోచన సాగింది. ఫోలిక్ యాసిడ్‌కి నకిలీలు చేసి బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కి పంపారు. రక్త క్యాన్సర్ వచ్చిన చిన్నపిల్లలు కొందరు కొన్నాళ్లపాటు లేచి ఆడుకున్నారు. అంతకుముందు అలా ఎక్కడా జరగలేదు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే.

ఇక బంగారు రంగు మందు. డెబ్బై దాటి విశ్వవిద్యాలయంలో రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను సుబ్బారావు గారి విభాగంలోకి తీసుకున్నారు. అంత ముసలాయన ఏం చేస్తాడని ఎవరైనా అనుకుని ఉంటే తర్వాత నాలుక్కరుచుకుని ఉంటారు. డగ్గర్ దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి, అందులోని జీవుల్ని పెంచి చూశారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో పసుపుపచ్చగా మెరిసే ఒకటి దొరికింది. అది వదిలే పదార్థం చుట్టూ ఉన్న ఇతర సూక్ష్మజీవుల్ని పెరగనివ్వడం లేదు. బంగారానికి లాటిన్ మాట తీసుకుని దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇది పెద్దక్క.

ఇది గోడ జోలికి పోదు. మరి ఎలా పనిచేస్తుందంటారా? పూలమాల కట్టేటప్పుడు చూడండి. ఒకరు కడుతూ ఉంటారు, పక్కన ఇంకొకరు ఒక్కో పువ్వూ అందిస్తూ ఉంటారు. ప్రతి కణంలోనూ రైబోజోమ్ అనే చిన్న యంత్రాలు ఇలాగే ప్రొటీన్ల మాల కడుతుంటాయి. టెట్రాసైక్లిన్ వెళ్లి బాక్టీరియా రైబోజోమ్‌లో సరిగ్గా పువ్వు అందించే చోట కూర్చుంటుంది. దారం ఉంది, పూలున్నాయి, కట్టే చెయ్యి ఉంది. పువ్వు మాత్రం అందదు. మన రైబోజోముల తీరు వేరు, పైగా బాక్టీరియాలా మన కణాలు ఈ మందుని లోపలికి తోడుకోవు. అందుకే మనకి అంత హాని లేదు.

గోడ ఒక్కో బాక్టీరియాకి ఒక్కో రకం. కొన్నిటికి అసలు ఉండదు. మాల కట్టుకోకుండా బతికేది మాత్రం ఏదీ లేదు. అందుకే పెన్సిలిన్‌కి లొంగని టైఫస్ లాంటి జ్వరాలకీ ఈ మందు పనిచేసింది. సూది అక్కర్లేదు, గొట్టం మాత్రగా నోట్లో వేసుకోవచ్చు. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు జనం మందుల షాపుల మీద పడి కొనుక్కున్నది టెట్రాసైక్లినే. ఇవాళ మన పల్లెల్లో నల్లి కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌కి డాక్టర్లు ముందుగా అందుకునేది దీని చెల్లెలు డాక్సీసైక్లిన్‌నే.

బోదకాలు మందు కథ మాత్రం వేరు. అది సూక్ష్మజీవి కూడా కాదు, దోమ ఒంట్లోకి ఎక్కించే దారప్పోగు లాంటి పురుగు. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందుకే ఆరోగ్య శాఖ వాళ్లు రక్తపరీక్షకి రాత్రుళ్లు తలుపు తట్టేది. గోదావరి జిల్లాల్లో ఈ జబ్బు తెలియని ఊరు ఉండేది కాదు. 1947లో సుబ్బారావు గారి బృందం హెట్రజాన్ పేరుతో డైఇథైల్ కార్బమజైన్ తెచ్చింది. మనం డీఈసీ అంటున్నది దాన్నే. రక్తంలోని పురుగు పిల్లల్ని మన ఒంటి రక్షణ దళానికి ఇది పట్టిస్తుంది. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి చూడండి, అది లోపలి పురుగులు చస్తున్న గుర్తు. మందు పడలేదనుకుని భయపడి మర్నాడు మాత్రలు పారెయ్యకండి. అయితే ఇప్పటికే వాచిపోయిన కాలుని ఈ మాత్ర మామూలుగా చెయ్యలేదు. గర్భిణులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ ఇవ్వరు.

ఇంట్లో తెలిసి ఉండాల్సినవి

టెట్రాసైక్లిన్ కాల్షియంని గట్టిగా పట్టుకుంటుంది. అందుకని పాలతోనో, కాల్షియం, ఇనుము మాత్రలతోనో కలిపి మింగితే కడుపులోనే బందీ అయిపోయి మందు ఒంటికి పట్టదు. పాలల్లో కలిపి తాగించే తల్లులు ఇది గుర్తుపెట్టుకోండి. ఎదుగుతున్న పళ్లలోనూ ఇదే జరుగుతుంది. మందు పంటిలో కూర్చుని శాశ్వతంగా పసుపు, గోధుమ రంగు మచ్చలు పెడుతుంది. అందుకే టెట్రాసైక్లిన్‌ని ఎనిమిదేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ సాధారణంగా వాడరు. స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణాపాయం ఉన్నప్పుడు డాక్సీసైక్లిన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే చూసుకుంటారు.

ఇంకొకటి. ఈ మందు బాక్టీరియాని వెంటనే చంపదు, పెరగకుండా ఆపుతుంది. మిగిలిన పని మన రక్తంలోని తెల్లకణాలు చేస్తాయి. జ్వరం తగ్గిందని రెండో రోజే ఆపేసి మిగిలిన మాత్రలు పక్కింటావిడకి ఇచ్చేస్తే? లోపల మిగిలినవి మళ్లీ మాల కట్టడం మొదలుపెడతాయి. వాటిలో మొండివి కొన్ని, లోపలికొచ్చిన మందుని బయటికి తోడేసే పంపులు పెట్టుకుంటాయి. ఆ పంపు తయారీ విద్యని వేరే జాతి బాక్టీరియాకి కూడా అందిస్తాయి, మనం గోడ మీంచి కూర గిన్నె అందించినట్టు! ఇక జలుబుకి, మామూలు ఫ్లూకి కారణం వైరస్‌లు. వాటికి గోడా లేదు, మాల కట్టే యంత్రమూ లేదు. వాటికి ఈ మందులు వాడితే దండగే.

ఇందులో ఒక చేదు ముచ్చట కూడా ఉంది. ఆరియోమైసిన్ తీశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెడితే త్వరగా బరువెక్కుతున్నాయని లెడర్లీ శాస్త్రవేత్తలే గమనించి, 1950లో ప్రకటించారు. అక్కణ్ణుంచి కోళ్ల దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం ప్రపంచమంతా పాకింది. మొండి బాక్టీరియా పెరగడానికి అదీ ఒక కారణం. కోళ్ల ఫారాలు ఎక్కువున్న గోదావరి జిల్లాలకీ ఈ గొడవ దూరం కాదు. 2019లో మన ప్రభుత్వం కొలిస్టిన్ అనే ఆఖరి ఆశ లాంటి మందుని కోళ్లకూ పశువులకూ వాడకుండా నిషేధించింది కూడా ఇందుకే.

సుబ్బారావు గారు ఇవేవీ చూడలేదు. ఆరియోమైసిన్ గురించి శాస్త్రవేత్తల సభలో ప్రకటించింది 1948 జూలైలో. ఆగస్టు రెండో వారంలో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన వెళ్లిపోయారు. వయసు యాభై మూడు. పత్రికలవాళ్ల ముందుకి ఎప్పుడూ సహచరుల్నే పంపేవారు కాబట్టి బయట ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. మన దేశం 1995లో, శతజయంతికి తపాలా బిళ్ల వేసింది.

ఇంతకీ ఆ స్ప్రూ మాటేమయింది? ఆయన ఉండగానే స్ప్రూ రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. నాలుక పుండు మానింది, రక్తం పట్టింది. కానీ పేగుల్లో తిష్ఠ వేసిన బాక్టీరియా మిగిలే ఉంది. దానికి యాంటీబయాటిక్ కావాలని ఆయన పోయాక తేలింది. ఇప్పుడు ఉష్ణదేశాల స్ప్రూ వచ్చిందని తెలిస్తే డాక్టర్లు మూడు నుంచి ఆరు నెలలపాటు కలిపి ఇచ్చే మందులు ముఖ్యంగా రెండు. ఒకటి ఫోలిక్ యాసిడ్. రెండోది టెట్రాసైక్లిన్.